బాస్కెట్‌బాల్ కోర్టులో వడ్లు

నా చిన్నప్పుడు మా వర్తూరులో రైలు తప్ప అన్నీ ఉండేవి. సరే, చెరువు, సంత, రాగి చేలు ఉండేవి. మిగతావన్నీ నా నోట్లో ఉండేవి.

మా మేనత్తను చూసుకోవడానికి మాలూరు నుంచి పెళ్లివారు వచ్చిన రోజు నా కాలు ఒకచోట నిలవలేదు. ఊరు చిన్నదని వాళ్లు మొహం తిప్పుకుంటే అత్త పెళ్లి తప్పిపోతుందని భయం. అందుకని మా ఊళ్లో పెద్దాసుపత్రి ఉందని చెప్పేశాను.

"అట్లనా? చూపించప్పా," అంటూ పెళ్లికొడుకు తండ్రి లేచాడు.

మా తాతయ్య తిట్టలేదు. అందరినీ వెంటబెట్టుకుని వెళ్లి మంత్రసాని అవ్వ గుడిసె ముందు నిలబెట్టాడు. "ఇదే మా ఆసుపత్రి. వీడు ఈమె చేతిలోనే పుట్టినాడు. అప్పుడు మొదలుపెట్టిన అరుపు ఇంకా ఆపలేదు," అన్నాడు. పెళ్లివారు పగలబడి నవ్వారు. ఊరు చిన్నదని ఎవరూ అనలేదు, సంబంధం కుదిరింది. తిరిగొస్తూ తాతయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఉండేదే చెప్పరా. బాగుండేది అందులోనే ఉంటాది," అన్నాడు.

చాలా ఏళ్లకు, రెండువేల సంవత్సరం దాటాక, మా మేడ మీద గదిలో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి అద్దెకు దిగింది. మా ఊరికి దగ్గర్లోని బ్రూక్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఇంట్లో ఉన్నంతసేపూ పైన అటూ ఇటూ నడిచే చప్పుడే. ఒక ఆదివారం పొద్దున కిందికొచ్చి, ఇక్కడ ఉండలేకపోతున్నాను, గది ఖాళీ చేసి మా దేశం వెళ్లిపోతానంది.

"మీదే ఊరమ్మా?" అన్నాను.

"మనీలా, అంకుల్," అంది, ఎటో చూస్తూ.

ఆ చూపు నాకు బాగా తెలుసు. కాఫీ గ్లాసు చేతికిచ్చాను. గ్లాసు సగమయ్యేసరికి అసలు ఊరు బయటికొచ్చింది. మనీలాకు దూరంగా, తగాలోగ్ మాట్లాడే మారుమూల ఊరు. పేరుకు మున్సిపాలిటీ. ఒక చర్చి, ఒక సంత, చుట్టూ వరి. మేయరు ఆఫీసు ముందు బాస్కెట్‌బాల్ కోర్టు ఉందట. కోతలప్పుడు ఆటలు ఆపేసి అందులో వడ్లు ఎండబోస్తారట. ఆ మాట చెబుతూ సిగ్గుపడింది.

నేను స్కూటరు తీసి ఆమెను వెనక ఎక్కించుకున్నాను. వర్తూరు దాటాక, మావాళ్లు తారురోడ్డు మీద రాగి కంకులు పరిచి, వచ్చేపోయే బస్సులతో తొక్కిస్తున్నారు. మైలు పొడవునా! కాదులెండి, నాలుగు బారలు. ఆ అమ్మాయి బండి దిగి, చెప్పులు విడిచి, కంకుల మీద నిలబడింది.

"మీ మేయరు ఏమీ అనడా అంకుల్?" అంటూ నవ్వింది.

గది ఖాళీ కాలేదు.

ఇప్పటికీ ఎవరు కనబడినా ఊరు అడుగుతాను. మొదటి జవాబుకు తల ఊపుతాను. ఒకచోట నిలవని ఈ కాలు, రెండో జవాబు వచ్చేదాకా మాత్రం కదలదు.