కిటికీ పెట్టని గది

సిరిసిల్లలో ఒక పాత మగ్గాల షెడ్డును గ్రంథాలయంగా మారుస్తున్నాం. మొన్న మేస్త్రీ గోడకు తొలి కన్నం పెట్టగానే పాత సున్నం వాసన గుప్పుమంది. మాధవరావు సారు గుర్తొచ్చారు. నేను ఇంజినీరుగా కొత్తగా చేరినప్పుడు కోరుట్లలో ఆయనే నా పై అధికారి.

అవి అన్నల కాలం, నక్సలైట్ల మాట చెల్లుతున్న రోజులు. దగ్గరి ఊళ్లో దొర కుటుంబం కోటలాంటి తమ గడిని వదిలి పట్నం వెళ్లిపోయింది. దాన్ని బడిగా మార్చే పని మాకు వచ్చింది. మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు మిట్టమధ్యాహ్నం టార్చిలైటు వేసుకోవలసి వచ్చింది. ట్యూబులైట్లు ఎన్ని కావాలో నేను లెక్క వేస్తుంటే సారు ఆపారు. "కరెంటు ఎప్పుడస్తదో ఎవలికెరుక? పొద్దయితే రోజూ పొడుస్తది. దానికి తొవ్వ ఇద్దాం," అన్నారు. పైకప్పులో అక్కడక్కడ అద్దం పెంకులు వేయించారు. కాల్పులు జరిగితే ప్రమాదం, వీధివైపు కిటికీలు వద్దని పోలీసులు, దొర గుర్తు మిగలకూడదు, అసలు గడినే బాగుచేయవద్దని అడవి నుంచి వచ్చిన కుర్రాళ్లు చెప్పి వెళ్లారు. పిల్లలు చదువుకోవాలి కదా అని సారు ఇరువర్గాలకూ ఒకే జవాబు చెప్పి, కిటికీలు తెరిపించారు. ఆ మొండితనం ఎక్కడిదో నాకు అర్థమయ్యేది కాదు. సాయంత్రం ఇంటికి జగిత్యాల బస్సు ఎక్కేదాకా నేను వీధివైపే చూస్తుండేదాన్ని.

చివరికి వెనకవైపు గింజల గది మిగిలింది. కూలీ గడ్డపార ఎత్తబోతుంటే రాజవ్వ అనే ముసలామె వచ్చి గడపలో నిలబడింది. వెట్టికి రానన్నందుకు తన కొడుకును దొర ఆ గదిలోనే బంధించాడని, బయటికి వచ్చాక వాడు ఎన్నాళ్లో బతకలేదని చెప్పింది. ఆ తర్వాత సారు ముఖంలోకి చూసింది.

"నువ్వు గా దొర మేనల్లునివి గదా. చిన్నప్పుడు గీ వాకిట్లనే చూసిన నిన్ను."

సారు కాదనలేదు. అన్నాళ్లు ఆయనతో తిరిగిన నాకు ఆ సంగతి తెలియదు.

"అందుకే వెలుగు పెట్టిస్తున్ననవ్వా," అన్నారు మెల్లగా.

"గీ అర్రకు వద్దు. వెలుగొస్తే గిది గూడ అన్ని అర్రల లెక్కనే అయితది. నా కొడుకు ఎసొంటి చీకట్ల ఉన్నడో ఎవలికి తెలుస్తది?"

సారు ఆ చీకట్లోకి ఒక అడుగు వేసి వెనక్కి వచ్చారు. గడ్డపార కింద పెట్టించి, నక్షాలో ఆ గదికి గీసిన కిటికీని నా చేతే కొట్టివేయించారు.

బడి మొదలైంది. తక్కిన గదుల్లో పగలంతా దీపం లేకుండానే చదువులు సాగాయి. ఆ ఒక్క గదీ ఖాళీగా ఉండిపోయింది. సారుకు బదిలీ అయిన రోజు, అలా వదిలేయడం సరైనదేనా అని అడిగాను. "నాకూ తెల్వదమ్మా. అడిగింది ఆమె గదా," అన్నారు.

మేనమామ చేసినదాన్ని కడిగేసుకోవడానికే ఆయన ఆ గడిని వెలుగుతో నింపారా, నిజంగా పిల్లల కోసమేనా? ఆ గదిని వదిలింది న్యాయమనిపించా, ఆమె ముందు తలెత్తుకోలేకా? ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. ఏ పాత కట్టడం పని చేతికొచ్చినా ముందు అందులో బతికినవాళ్లను వెతుక్కుంటూ పోతాను. ఎక్కడెక్కడ వెలుగు కావాలో అడుగుతాను. ఎక్కడైనా వద్దా అని కూడా అడుగుతాను. చాలామంది నన్ను వింతగా చూస్తారు. కొందరు మాత్రం నాతో నడిచి వచ్చి ఒక మూల చూపించి, ఇక్కడ వద్దంటారు.