ట్యాంకు మూతలో వడియాలు

మదనపల్లెలో మా ఇంటి కింది వాటాలో అద్దెకుండే అమ్మాయికి ఆరో నెల. ఆమెకు మలేరియా అని తెలిసిన క్షణం నుంచి నేను వీధికంతటికీ దోమల శాస్త్రవేత్తనైపోయాను. ఆమె భర్త రోజూ పుంగనూరుకు ఉద్యోగానికి వెళ్ళొస్తాడు. కాబట్టి దోమ పుంగనూరు బస్సులో, అదీ కిటికీ పక్క సీట్లో కూర్చుని వచ్చిందని తేల్చేశాను. కుప్పం నుంచి పరుగున వచ్చిన ఆమె తల్లిని మెట్ల మీదే ఆపి చెప్పాను.

"అల్లుడ్ని బ్యాగు దులుపుకోని రమ్మనమ్మా."

"నా బిడ్డా, దాని కడుపులోదీ బాగుంటే సాలప్పా" అందావిడ.

మరునాడు దోమల సిబ్బంది వచ్చారు. మా కాలువలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని చెబుతూ మంత్రిగారిలా ముందు నడిచాను. కాలువలో ఏమీ దొరకలేదు. మిద్దెక్కుదామన్నారు.

"పైన ఏముంటాదమ్మా? మంచినీళ్ళ ట్యాంకే కదా!"

"ఈ దోమ మంచినీళ్ళలోనే గుడ్లు పెడతాది సార్. మన టౌన్లకు కొత్తగా వస్తాండాది. దాన్నే వెతుకుతాండాం" అంది సిబ్బందిలో ఒకామె.

పైన మా నల్ల ట్యాంకు ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. దాని మూత పిట్టగోడ పక్కన వెల్లకిలా పడి ఉంది, నిండా గుమ్మడి వడియాలతో. నల్లటి మూత పెనంలా కాగుతుంది, అంచు ఉంది కనుక గాలికి ఒక్కటీ దొర్లిపోదు. ఈ మహావిష్కరణ నాదేనని పెద్దపంజాణి దాకా చాటుకున్నాను. వడియం లేనిదే ముద్ద దిగని కింది అమ్మాయికి రోజూ గిన్నెడు నేనే అందించేవాణ్ణి.

గరిటెతో నీళ్ళు తీస్తే, పైన అడ్డంగా తేలుతూ దోమ పురుగులు. వెనకే ఎక్కి వచ్చిన తల్లి గరిటె వైపు చూడలేదు, మూత వైపే చూసింది.

"ఇవేనాప్పా, నా బిడ్డ లొట్టలేసుకోని తినేది?"

తిట్టి ఉంటే ఏదో ఒకటి వాదించేవాణ్ణి. ఆవిడ తిట్టలేదు. గంగ జాతరంత గోల చేసే నేను వంగి, మూతలోంచి వడియాలు ఒంపేశాను.

ట్యాంకు ఖాళీ చేసి, నేనే లోపలికి దిగి తోమాను. అమ్మాయికి జ్వరం తగ్గింది. కడుపులో బిడ్డ బాగుందని డాక్టరు చెప్పినట్టు మెట్ల మీద నిలబడే విన్నాను. లోపలికి వెళ్ళి పలకరించే మొహం లేకపోయింది.

తల్లి కుప్పం వెళ్ళిపోయింది. తర్వాత అల్లుడు అక్కడికెళ్ళి వస్తూ కొత్త వెదురు చేట ఒకటి తెచ్చాడు.

"మా అత్త మీకిమ్మనింది సార్. వడియాలకంట."

రెండు చేతులా అందుకున్నాను. ఈకంత బరువు కూడా లేదు. మిద్దె మీదికి చేర్చేసరికి నా నడుము వంగిపోయింది.