ఆవు దూడకు ఏం మాటిచ్చింది?

పోయిన వేసవి సెలవుల్లో, ఒక మంగళవారం, పగలు రెండుంబావుకు జరిగింది ఇది. నిన్న మనవరాలు ఆ రోజు చదివిన కథల పుస్తకమే తెచ్చి నా ఒళ్ళో పడేస్తే మళ్ళీ మనసులో మెదిలింది.

నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుతాను. నేను పేజీ దాటేలోపు పిల్లలకు ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది. కథ అయ్యాక నీతి చెప్పను, ప్రశ్న అడుగుతాను. నీతి ఎవరైనా చెబుతారు. ఆ రోజు మా గోదావరిఖని క్వార్టర్‌లో మనవరాలినీ, పక్కింటి కవలల్నీ కూర్చోబెట్టుకుని, పులికి మాటిచ్చి, దూడకు పాలిచ్చి, తిరిగి పులి దగ్గరికే వెళ్ళిన ఆవు కథ చదివాను. "ఆవు పోవుడు న్యాయమేనా?" అన్నాను. "మాటిచ్చినంక పోవాలె" అన్నాడు ఒక కవల. "సంపుతనన్నదానికి మాటేందిరా!" అని రెండోవాడు వాణ్ణి గిల్లాడు. మనవరాలు దూడ బొమ్మ మీద వేలు పెట్టింది. తర్వాత, "బాపమ్మా, పులికి మాటిచ్చింది సరే. మల్లొస్తనని దూడకిచ్చిందా?" అంది. పుస్తకంలో ఆ ముక్క లేదు.

అప్పుడే దాని తండ్రి, నా కొడుకు, రెండో షిఫ్టుకు బయలుదేరాడు. బొగ్గు గనిలో తాను పనిచేసే చోట పైకప్పు బండ కూలబోయే ముందులా చప్పుడు చేస్తోందని అంతకుముందే అన్నం తింటూ అన్నాడు. మేం మజ్జిగ పోస్తూ విననట్టే ఉన్నాం. మా గనివాళ్ళ ఇళ్ళల్లో డ్యూటీకి వెళ్ళేవాణ్ణి వెనక నుంచి పిలవరు, ఎప్పుడొస్తావని అడగరు. మనవరాలు రెండూ చేసింది. "బాపూ! మల్లొస్తవా? మాటియ్యి."

"నోరు ముయ్యే! పోయేటోణ్ణి ఎనుకకెల్లి పిలుస్తరా?" అని కోడలు దాని వీపు మీద ఒకటి వేసి, నా వైపు తిరిగింది. "గీ కతలన్ని నువ్వే నేర్పినవ్ అత్తా."

"నేర్పిన. అడగనియ్యి" అన్నాను.

వాడు వస్తానని అనలేదు. నా కొడుక్కి అబద్ధం ఆడడం రాదు. గడప దాటకుండా ఆగాడు. రోడ్డు మీద షిఫ్టు బస్సు హారన్ కొట్టింది. చివరికి వాడు గడప మీద కూర్చుని, "బండ నా చేతుల లేదు బిడ్డా. కాళ్ళున్నయి. సప్పుడు పెద్దగైతె ఎవ్వడు ఉండుమన్నా ఉండ, బయటికొస్త. గిదే నా మాట" అన్నాడు. వెనక్కి పిలిచినందుకు నీళ్ళు తాగి వెళ్ళాడు.

చప్పుడు పెద్దదైందని ఆ రోజు పొద్దుగూకకముందే వచ్చాడు, తనతో పనిచేసేవాళ్ళను కూడా వెంటబెట్టుకుని. కప్పు పడలేదు. పైవాళ్ళు తిట్టారు. కథ సంగతి వాడే చెప్పాడట, షిఫ్టంతా "ఏం బావా, దూడ పిలిచిందా?" అని ఎగతాళి చేసింది. అక్కడ పని ఆగలేదు, చప్పుడూ ఆగలేదు. ఇవాళ కూడా అక్కడికే వెళ్ళి వచ్చాడు.

ఆ పగలు గడప దగ్గర ఉన్నది మనవరాలు, కవలలిద్దరు, కోడలు, కొడుకు, నేను. ఇవాళ్టికి అందరం ఉన్నాం.