గోరీ కట్టని దిబ్బ

అప్పలమ్మ ఫోను చేసింది. "దిబ్బ తవ్వీత్తారట మేస్టారూ. గనులోళ్ళు మీటింగెట్టినారు. ఒకపాలి రండి." ముప్పై ఏళ్ళ కిందట ఆ ఊరి బడిలో పనిచేసినప్పుడు వాళ్ళింటి అన్నమే తిన్నాను. ఆమె భర్త రాములు సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి శవమై ఒడ్డుకొచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. వెళ్ళక తప్పలేదు.

విశాఖలో ఉదయం ప్యాసింజరెక్కి పదిన్నరకు పలాసలో దిగాను. స్టేషన్ బయట ఇడ్లీ తిని పదకొండింటి బస్సు పట్టుకున్నాను. పక్క సీటు ముసలాయన జీడిపిక్కల బస్తా మీద కాళ్ళు చాపుకున్నాడు. మీటింగుకు వెళ్తున్నానంటే, "ఆ దిబ్బల్లో నల్లిసక, దాన్లో కనిజాలు దేశానికి కావాలంట బాబూ. మరి మేం దేశం కాదేటి?" అన్నాడు.

ఊరు చేరగానే అప్పలమ్మ దిబ్బ మీదికి తీసుకెళ్ళింది. సముద్రం మింగినవాడికి అక్కడ గోరీ కట్టరు. ఇటుక పేరిస్తే సముద్రం మళ్ళీ వెతుక్కుంటూ వస్తుందని భయం. ఇసుక కప్పి మొగలి పిలక నాటుతారు, అంతే. రాములు మీద నాటిన పిలక ఇప్పుడు నా ఎత్తు దాటిన పొద. ఆమె దాని మొదట్లో చెంబెడు నీళ్ళు పోసింది.

మూడు గంటలకు శామియానా కింద మీటింగు. గనుల శాఖ అధికారి మర్యాదస్తుడే, ఆమెకు కుర్చీ వేయించాడు. "దిబ్బ మీద మీరు కట్టుకున్నదేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు.

"ఏటీ కట్టనేదు బాబూ. మా ఆచారం తప్పనేదు," అంది అప్పలమ్మ, ఊరందరికీ వినబడేట్టు.

"దిబ్బ మీద ఏమీ లేదు" అని ఆయన రాసుకున్నాడు. మైకు మరొకరి చేతికి వెళ్ళింది. ముందు వరసలో కూర్చుని కూడా నా నోరు పెగల్లేదు. పరాయి ఊరివాణ్ణి, నాకెందుకనుకున్నాను. ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. అంతా అయ్యాక వెళ్ళి ఆ దిబ్బలో మనుషుల్ని పూడ్చారని చెబితే, "రాసి పంపండి, చూస్తాం" అన్నాడా అధికారి.

బస్టాపు దాకా అప్పలమ్మ వచ్చింది. జరిగింది విడమరిచి చెప్పాను. బస్సు వచ్చాక అడిగింది. "అయితే గోరీ కట్టీసుంటే, మా ఇంటోణ్ణి అక్కడ ఉంచీవోరా మేస్టారూ?"

బస్సెక్కేశాను. రైల్లో కూర్చుని అర్జీ రాశాను. రాములు పేరు రాసి, ఆనవాలు అన్న చోట మొగలి పొద అని రాశాను. ఎవరు నమ్ముతారో తెలియదు.

ఆ దిబ్బ చూడాలనుకునేవారు పలాసలో దిగండి. పదకొండింటికి బస్సుంది. ఆలస్యం చేయకండి.