నిండు సీసా

మాజీ సైనికుల సంఘం హాల్లో ఏడాదికోసారి కోతల పోటీ జరుగుతుంది. ఆహ్వానపత్రం మీద మాత్రం ఆత్మీయ సమావేశం అని అచ్చు వేస్తారు. మన టైలరు తప్పకుండా వెళ్తాడు, వెనక వరుసలో కూర్చుంటాడు, ఒళ్ళు మండించుకుని ఇంటికొస్తాడు.

"మండించుకోవడానికి అంత దూరం పోవాలా? పొయ్యి దగ్గర కూర్చుంటే సరిపోయేదిగా" అంటుంది భార్య.

అందరూ ఎడారి శిక్షణ శిబిరం గురించే చెబుతారు. అందరికంటే గట్టిగా చెప్పేవాడు స్టోరు గుమాస్తా. శిబిరం మొత్తానికి ఉన్న ఒక్క ఫ్యాను కింద పదకొండు నెలలు కూర్చుని, ఆ ఎండల్లో ఎవరికీ అక్కర్లేని కంబళ్ళు లెక్కపెట్టిన మహావీరుడు. ఆనాటి ఎండను ఏటా రెండేసి డిగ్రీలు పెంచుకుంటూ వస్తున్నాడు. ఇంకో నాలుగేళ్ళు బతికితే రేకుల షెడ్డు కరిగి కారిందని చెబుతాడు, జనం చప్పట్లు కొడతారు.

వేదిక మీద పెద్ద కుర్చీ ఉస్తాదుది. శిక్షణ ఇచ్చినవాడు మరి. ఆయన కనిపెట్టిన ఘనకార్యం సీసా తనిఖీ. పొద్దున్నే తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చి ఇసుకలో పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. తిరిగొచ్చాక సీసా మూతదాకా నిండుగా చూపించాలి. గుక్కెడు తగ్గితే మళ్ళీ పన్నెండు. నీటి క్రమశిక్షణట! తాను మాత్రం జీపులో, తడిగుడ్డ చుట్టిన కుండ పక్కన కూర్చుని వెంట వచ్చేవాడు.

టైలరు పక్కన పరిగెత్తేవాణ్ణి అందరూ ఈలగాడు అనేవారు. ఎప్పుడూ ఏదో పాట ఈల వేస్తూనే ఉండేవాడు. ఒకరోజు తొమ్మిదో కిలోమీటరు దగ్గర ఈల ఆగిపోయింది. ముళ్ళపొద పక్కన కూలబడ్డాడు. టైలరు వాడి సీసా మూత తిప్పుతుంటే చేయి అడ్డం పెట్టి, "వద్దురా, తనిఖీ ఉంది" అన్నాడు. టైలరు మూత మళ్ళీ బిగించాడు. జీపు వెనక్కి తిరిగి వచ్చేసరికి వాడు పోయాడు.

మర్నాడు కాగితం తయారైంది. గుండె జబ్బు దాచిపెట్టి సైన్యంలో చేరాడని అందులో రాశారు. సాక్షులుగా మూడు సంతకాలు. రెండోది టైలరుది. ఉస్తాదంటే అతనికి ఎంత ఏవగింపో, ఆ రెండో సంతకమంటే అంతకు రెట్టింపు. నౌకరీ ముగించుకుని వచ్చి స్కూలు యూనిఫారాలు కుట్టుకుంటూ ముప్ఫై ఏళ్ళు గడిపాడు. ఇంట్లో భార్య సీసాలు నింపి వరసగా పెడితే, ప్రతి సీసాలోంచీ ఒక గుక్క తాగిపోతాడు.

"ఇదేం రోగం నీకు? ఒక్కటైనా నిండుగా ఉండనివ్వవు" అని ఆవిడ విసుక్కుంటుంది.

ఈసారి హాల్లో అతని పక్క కుర్చీలో జుట్టు నెరిసిన ఒకావిడ కూర్చుంది. ఈలగాడి చెల్లెలట.

"మా అన్నయ్యను ఎరుగుదురా బాబుగారూ? జబ్బు దాచి చేరాడటగా. అబద్ధమాడి చచ్చాడని మా నాన్న పోయేదాకా వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాడు. ఇంట్లో వాడి ఫోటో కూడా పెట్టనివ్వలేదు. అది నిజమేనా అని అడుగుదామనే వచ్చాను."

ఈలోగా మైకులో ఉస్తాదు గొంతు ఖంగుమంది. "ఆ ఎండలే మిమ్మల్ని మగాళ్ళను చేశాయి! ఒక్క బలహీనుడు తప్ప అందరూ నిలబడ్డారు!"

చప్పట్లు మోగాయి. టైలరు లేచి తిన్నగా వేదిక ఎక్కి మైకు లాక్కున్నాడు.

"ఏంట్రా టైలరూ, నువ్వు కూడా మాట్లాడతావా?" అన్నాడు ఉస్తాదు నవ్వుతూ.

టైలరు ఆయన వైపు చూడలేదు. "అమ్మా, మీ అన్నకు ఏ జబ్బూ లేదు. నడుముకు నీళ్ళ సీసా ఉంది, మూతదాకా నిండుగా. తాగితే ఈ పెద్దమనిషి మళ్ళీ పరిగెత్తిస్తాడని తాగకుండా పోయాడు. జబ్బని రాసిన కాగితం మీద నేనూ సంతకం పెట్టాను."

"ఇప్పుడెందుకండీ ఆ పాత గొడవ" అని గొణిగాడు గుమాస్తా. ఉస్తాదు చెయ్యి బల్లమీది నీళ్ళ సీసా దాకా వెళ్ళింది. హాలంతా తననే చూస్తోందని తెలిసి ఆగిపోయింది.

ఆవిడ ఉస్తాదును పట్టించుకోనే లేదు. టైలరునే చూస్తూ లేచి నిలబడింది.

"వాడు భయపడ్డాడు సరే. పక్కనే ఉన్నారు కదా, మీ సీసాలోవైనా పొయ్యలేకపోయారా?"

"నాది కూడా నిండుగానే చూపించానమ్మా" అన్నాడు టైలరు.