పేపర్లో కొమురవ్వ ఫోటో

సదానందం రోజూ తెల్లవారేసరికి లక్సెట్టిపేట బస్టాండులో ఉండేవాడు. పేపర్ల కట్ట విప్పగానే పైప్రతి తీసి కళ్లకద్దుకుని, బాసర అమ్మవారిని తలుచుకుని, తాను పంపిన వార్తలు చదువుకునేవాడు. ఆ తరువాతే చాయ్. పన్నెండేళ్ల విలేకరి పనిలో ఈ అలవాటు తప్పలేదు.

ఆ మంగళవారం మాత్రం చాయ్ తాగలేదు. హోటళ్లలో కల్తీ నూనె పట్టుకున్నారన్న వార్త ఆయనే పంపాడు. ఫోటో కావాలని పేపర్ జిల్లా ఆఫీసు వాళ్లు తొందరపెడితే, ఫోనులో ఉన్న మిర్చి బజ్జీల బండి ఫోటో ఒకటి పంపాడు. పొగలో ముఖం తెలియదులే అనుకున్నాడు. అచ్చులో బాగా తెలుస్తోంది. ఆ బండి నడిపే కొమురవ్వ, బతుకమ్మ పండుగనాడు, కొత్త చీరలో, నవ్వుతూ. "మంచిగ తియ్యి తమ్మీ, పేపర్ల ఎయ్యాలె" అని ఆమే అడిగి తీయించుకున్న ఫోటో. ఆమె బండి జోలికి ఏ అధికారీ రాలేదు.

చాయ్ అమ్మే పరశురాములు అప్పటికే ఆ వార్తను ఆటోవాళ్లకు గట్టిగా చదివి, ఫోటో చూపిస్తున్నాడు.

సదానందం జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశాడు. "రేపు సవరణ వేద్దాం. ఫోటో మాత్రం ఉండదు" అన్నారు.

సాయంత్రం భయపడుతూనే బండి దగ్గరికి వెళ్లాడు. పిండి గిన్నె నిండుగా ఉంది.

"పొద్దటి సంది ఒక్కలు రాలే. బడి పిలగాండ్లు సుత దూరంకెల్లి పోతున్నరు" అంది కొమురవ్వ.

తప్పు తనదేనని చెప్పాడు. ఆమె పిండిలో మిర్చీలు ముంచి నూనెలో వేసింది. ఆనక, "నీ మొకం జూస్తె ఏం తిన్నట్టు లేవు, కూసో" అని నాలుగు మిర్చీలు పెట్టింది. "నాలుగు దినాలు గిట్లనే ఉంటె బండి అమ్ముకునుడే తమ్మీ."

మరునాడు కట్ట విప్పగానే సవరణ కోసం వెతికాడు. నాలుగు పేజీలు తిప్పినా కనపడలేదు. అయిదో పేజీలో, ట్రాక్టర్ ప్రకటన కింద, రెండు వరుసలు: నిన్నటి ఫోటోలోని బండికి వార్తతో సంబంధం లేదని. బండి ఎవరిదో లేదు. తప్పు ఎవరిదో లేదు.

పేపర్ తీసుకెళ్లి పరశురాములు ముందు పెట్టి, వేలితో చూపించాడు.

"గింత చిన్నగనా? చీమలు చదువాల్నా?" అన్నాడు పరశురాములు. ఆటోవాళ్లు నవ్వారు.

"అందుకే నీ దగ్గరికొచ్చిన అన్నా" అన్నాడు సదానందం. "నిన్న ఎంత గట్టిగ చదివినవో గంతే గట్టిగ గిది చదువు. అండ్ల లేకున్నా కొమురవ్వ పేరు చెప్పు. నా పేరు సుత చెప్పు. తప్పు జేసింది గీ సదానందమే అని చెప్పు."