బాగున్న ఎలుకల జబ్బు

దయామణి గారి మేనత్త మాణిక్యమ్మ పొద్దున్నే మొవ్వలో బస్సెక్కి వచ్చింది. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్‌తో పోట్లాడి గెలిచింది. స్కానింగు గది ముందు బల్ల మీద కూర్చుని, చీర మోకాలి దాకా లాక్కుని, "మా అన్న కూతుర్ని పిలువు. ఈ మోకాలు ఫోటో తియ్యాల" అంది.

దయామణి గారు పరుగున బయటికొచ్చారు. "అత్తా, ఇది మనుషులకి కాదు. ఎలుకలకి."

"ఎలుకలకి ఏం రోగం?"

"రోగం మేమే తెప్పిస్తాం. తర్వాత మందిచ్చి, తగ్గుతుందో లేదో మెదడు ఫోటో తీసి చూస్తాం."

మాణిక్యమ్మ చీర కిందికి దించుకుంది. "మీ నాన్న పొలంలో ఎలుకల్ని చంపలేక నానా తిప్పలూ పడ్డాడు. నువ్వేమో వాటికి వైద్యం చేస్తున్నావా? ఇంకా నయం, మా అన్న యేసుదాసు చూళ్లా" అంది. కాఫీ తాగి వెళ్లిపోయింది గానీ, వారం తిరక్కుండా మొవ్వ మండలమంతా ఆవిడకి 'ఎలుకల దయామణి' అని పేరు ఖాయం చేసింది.

ఈ సంగతి నాకు చెప్పి పడీపడీ నవ్వింది దయామణి గారే. ఆవిడ పనిచేసే చోటు బందరుకీ గుడివాడకీ మధ్య ఉంది. పేరు రాయొద్దన్నారు, రాయను. ఆవిడ హోదా అసోసియేట్ డైరెక్టరు. డైరెక్టరు పిచ్చేశ్వరరావు గారు మీటింగుల్లో ఉంటారు కాబట్టి గది నడిపేది ఈవిడే. మనుషులకిచ్చే ముందు మందుల్ని ఎలుకల మీద పరీక్షించే చోటది. అక్కడో చిన్న ఎమ్మారై యంత్రం ఉంది, మధ్యలో గొట్టం. అందులో ఎలుకని మత్తిచ్చి పడుకోబెడతారు. సగం రోజు సైన్సు, మిగతా సగం ఏసీ, కరెంటు, కాగితాలు అంటారావిడ. యంత్రం మొదలుపెట్టే ముందు దాని మీద చెయ్యి వేసి, పెదాలు కదిలీ కదలకుండా ప్రార్థన చేసుకుంటారు. అది చూసి ఎవరూ ఏమీ అనరు, కరెంటు పోనంతవరకూ.

ఎలుకల్ని పెంచే గది సాయిదుర్గది. బందరు పక్క చేపల రేవు గిలకలదిండి పిల్ల. వాళ్ల నాన్న వెంకటపతి బోటు మీద పోతాడు, అమ్మ వీరమ్మ వేలంలో చేపలు పాడుకుని బందరంతా అమ్ముతుంది. ఇంటర్ అయ్యాక దుర్గ చేపల గంప వద్దంటే వద్దని ఈ ఉద్యోగంలో చేరింది. బోనులు కడగడం, మేత పెట్టడం, నీళ్లు మార్చడం, ఇంకా ఎలుకలతో కబుర్లు చెప్పడం ఆమె పని. కబుర్లు ఉద్యోగంలో లేవు. అవి ఆమె సొంతం.

పోయినేడాది దయామణి గారు నాలుగేళ్లుగా వెంటపడుతున్న ఒక మందు చివరి పరీక్షకొచ్చింది. పదహారు ఎలుకలకి పక్షవాతం తెప్పించారు. ఎనిమిదింటికి మందు, ఎనిమిదింటికి ఉత్త ఉప్పునీళ్లు. ఏది దేనికో ఎవరికీ తెలియకూడదు. తెలిస్తే కన్ను మోసం చేస్తుందట, మందు తీసుకున్నది బాగున్నట్టే కనిపిస్తుందట. అందుకని సీసాల మీద అంకెలే ఉంటాయి. ఏ అంకె ఏదో రాసిన కవరు పిచ్చేశ్వరరావు గారి బీరువాలో ఉంటుంది.

మూడు వారాలు ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. నాలుగో వారం ఎనిమిది ఎలుకల మెదళ్లలో ఎడమ పక్క అంచున నల్లటి గుంట కనిపించింది. పెసరగింజంత. ఆ ఫోటోల్లో అలాంటి నలుపంటే చాలాసార్లు రక్తం కారిందనే అర్థం.

ఇలాంటి ప్రమాదం కనిపిస్తే తెరవాలన్న రూలు ప్రకారం కవరు తెరిచారు. ఎనిమిదింటిలో ఏడు మందు తీసుకున్నవే. ఒక్కటే ఉప్పునీళ్లది.

పిచ్చేశ్వరరావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అమ్మా దయామణీ, మందే మెదడులో రక్తం కారుస్తోంది. ఇంకేం చూస్తాం? గురువారం తనిఖీ కమిటీ వస్తోంది. ఆపేస్తున్నామని చెప్పేద్దాం. ఎలుకల్ని కూడా ఆ సాయంత్రమే..."

"ఇవాళ సోమవారమే కదండీ. గురువారం దాకా ఆగండి."

"ఆగితే గుంట పూడుద్దా?"

నాలుగేళ్ల మందుకి మూడు రోజుల గడువు. దయామణి గారికి ఒక్కటే మనసులో గుచ్చుకుంటోంది, రక్తం కారితే ఒక్కో ఎలుకకి ఒక్కో చోట కారాలి గానీ, ఎనిమిదింటికీ కొలిచి పెట్టినట్టు ఎడమ చెవి పక్కనే ఎందుకు కారుతుంది?

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఎలుకల గదిలో ఓ మూల స్టూలు వేసుకుని కూర్చున్నారు. దుర్గ బోనులు మారుస్తూ తన ధోరణిలో తనుంది.

"ఏరా బుజ్జిగా, ఒళ్లు చేశావే! అందరి కళ్లూ నీ మీదే. రా ఇటు." ఎలుకని అరచేతిలోకి తీసుకుని, ఎడమ చెవి మడిచి, ఆప్రాను జేబులోంచి ఏదో తీసి, చెవి వెనక టక్కున అద్దింది.

దయామణి గారు స్టూలు మీంచి లేచారు. "దుర్గా! ఏంటది?"

దుర్గ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. "ఏం లేదండీ."

"ఏం లేనిది నల్లగా ఉందేంటి?"

"దిష్టి చుక్కండీ."

"ఎలుకకా!"

"బాగున్నవాటికే పెడతానండీ. ఎవరికీ కనపడకుండా చెవెనకాల పెడుతున్నా. మిగతావాటికి ఎందుకండీ, వాటి మొహానికి ఎవరి దిష్టి తగులుద్దీ?"

దయామణి గారు మళ్లీ కూర్చున్నారు. ఇంకో ఎలుక చెవి మడిచి చూశారు. చుక్క. ఇంకోటి. చుక్క.

"బాగున్నవేవో నీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముందండీ? రేవులో చేప కళ్లు చూస్తే నిన్నటిదో ఇవాళ్టిదో తెలీదా? వీటికీ అంతే. బాగోలేనిది కళ్ల చుట్టూ ఎర్రగా పెట్టుకునిద్ది, మీసాలు వెనక్కి పోతయి, బొచ్చు దువ్వుకోదు."

"ఎప్పట్నుంచి పెడుతున్నావ్?"

"మందు మొదలెట్టిన రెండో వారం నుంచి. అప్పుడు మా అమ్మ పట్టిన కాటుకండీ, ఆముదం దీపం మీద. అదైపోతే పోయిన వారం కోనేరు సెంటర్లో కాటుక స్టిక్ కొన్నా. నీళ్లకి పోదన్నాడు. నిజంగానే పోలా."

"ఒసే దుర్గా! అందులో ఇనుప పొడి ఉండిద్దే! మన యంత్రం అయస్కాంతం! ఆ చుక్క ఉన్నచోట మెదడు ఫోటో చెదిరి గుంట పడుద్ది."

దుర్గకి సగం అర్థమై మొహం పాలిపోయింది. మిగతా సగం అర్థం కాకముందే రోషం వచ్చింది. "మీరు మిషను మీద చెయ్యేసి ప్రార్థన చేస్తే నేనేమన్నా అన్నానా?"

"నా ప్రార్థన ఫోటోలో పడదే తల్లీ. నీ కాటుక పడుతుంది!"

ఇద్దరూ ఎలుక వంక చూశారు. అది మాత్రం నింపాదిగా మీసాలు దువ్వుకుంటోంది.

ఊహ చాలదు, రుజువు కావాలి. దయామణి గారు క్యాంటీన్ రత్తయ్య దగ్గర చిన్న నీళ్ల సీసా ఒకటి తెచ్చి, దాని ఒక పక్క స్టిక్కుతో చుక్క, ఇంకో పక్క వీరమ్మ కాటుక అడుగున మిగిలిన మసితో చుక్క పెట్టి యంత్రంలో పెట్టారు. మసి పక్క ఏమీ లేదు. స్టిక్కు పక్క నల్లటి గుంట. పెసరగింజంత.

బుధవారం ఆవిడ ఆ ఫోటోలో అంచు ముక్క మాత్రం కంప్యూటరు మీద పెద్దది చేసి డైరెక్టరు గారికి చూపించారు. ఇక్కడ ఆవిడ కాస్త కొంటెతనం చేశానని ఒప్పుకుంటారు.

"ఇది చూడండి సార్."

"అయ్యో, ఇది ఇంకా పెద్దదే! కచ్చితంగా రక్తమే. దీనికి కాలు పడిపోయిందా?"

"కాళ్లు లేవండీ."

"లేవా?"

ఆవిడ ఫోటోని చిన్నది చేశారు. గుండ్రటి సీసా, పైన మూత. "రత్తయ్య క్యాంటీన్ నీళ్ల సీసా సార్. నిన్న పక్షవాతం వచ్చింది."

పిచ్చేశ్వరరావు గారు సంగతంతా విని బల్ల మీద చరిచారు. "ఆ పిల్లని ఇవాళే ఇంటికి పంపించు!"

"గది బయట నేను అంటించిన కాగితం చదివారా సార్? తాళాలు, ఉంగరాలు, పిన్నీసులు, ఫోను లోపలికి తేవద్దని పదకొండు వరసలు రాశాను. ఎలుకకి కాటుక పెట్టొద్దని ఎక్కడా రాయలేదు. తప్పు కాగితానిది. కాగితం నాది."

"కాటుక పెట్టొద్దని ఎవరైనా రాస్తారా అమ్మా?"

"అదేగా నేననేది. ఎవరూ రాయనిదానికి ఆ పిల్లని పంపించేస్తారా?"

చుక్కలన్నీ నూనెతో తుడిచేదాకా దుర్గ ఎలుకలకి క్షమాపణలు చెబుతూనే ఉంది. మళ్లీ ఫోటోలు తీశారు. ఎనిమిదింట్లో ఒక్క గుంటా లేదు.

గురువారం కమిటీలో గట్టి మనిషి డాక్టర్ క్రిస్టినా. గుడివాడలో పుట్టి మద్రాసులో స్థిరపడ్డావిడ. దయామణి గారు జరిగిందంతా ఉన్నదున్నట్టు చదివారు. దిష్టి చుక్కని ఇంగ్లీషు కాగితంలో 'సంరక్షకురాలు జంతువు క్షేమం కోరి పెట్టిన రంగు' అన్న అర్థం వచ్చేలా రాశారు. క్రిస్టినా గారు ఒక్క ముక్కకీ నవ్వకుండా విని, తలెత్తారు.

"కవరు తెరవకముందే ఆ అమ్మాయి ఎనిమిదింటికి చుక్క పెట్టింది. ఏడు మందువే. అంటే మందు పనిచేస్తోందని మీ యంత్రం కన్నా ముందు ఆవిడే కనిపెట్టిందన్నమాట. ఆ ఎనిమిదోదానికి, ఉప్పునీళ్లదానికి, ఎందుకు పెట్టింది?"

దుర్గని పిలిపించారు. తలుపు దగ్గరే నిలబడి, "అది నాకిష్టమండీ" అంది.

అప్పుడు నవ్వారు క్రిస్టినా గారు. నవ్వు అయ్యాక మాత్రం మొహమాటం లేకుండా తేల్చేశారు. కవరు తెరిచేశారు, ఎలుకల ఒంటికి రంగు పూశారు. ఈ ఫలితం లెక్కలోకి రాదు. మందు ఆపక్కర్లేదు గానీ, కొత్త ఎలుకలతో, కొత్త కవరుతో మొదటినుంచీ మళ్లీ చెయ్యాలి. దుర్గకి రాతపూర్వకంగా మందలింపు, ఉద్యోగం మాత్రం ఉంటుంది. పైగా ప్రతి శనివారం ఏ ఎలుక ఎలా ఉందో ఆమె ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఇవ్వాలి. చివరిదాకా దాన్ని ఎవరూ తెరవకూడదు. ఆమె ఎవరికీ చెప్పకూడదు.

"నోటితో కూడా చెప్పకూడదాండీ?" అని అడిగింది దుర్గ.

"ముఖ్యంగా నోటితో."

గిలకలదిండి పిల్లకి అంతకన్నా పెద్ద శిక్ష వెయ్యలేరంటారు దయామణి గారు. అనుమతులన్నీ తేలి కొత్త పదహారూ వచ్చి ఇప్పటికి మూడు వారాలైంది. మొన్న నేను వెళ్లినప్పుడు దుర్గ పెదాలు బిగబట్టి బోనులు కడుగుతోంది. దయామణి గారు చూడనట్టు కాగితాలు తిప్పుతున్నారు గానీ, మందు పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోందని పక్కనున్న నాకే తెలుస్తోంది.

"మేడమ్, ఆ ఐదో బోనులోది..."

"దుర్గా!"

"బోనుకి గొళ్లెం వదులైందండీ. అంతే. ఎలుక గురించి నేనేమన్నా అన్నానా?"

దయామణి గారు కాగితాల్లోంచి తలెత్తకుండానే అడిగారు. "వదులైంది సరే. నవ్వుతూ చెబుతున్నావా, ఏడుస్తూ చెబుతున్నావా?"

"శనివారం కవర్లో రాస్తానండీ" అంది దుర్గ.